తొంభై తొమ్మిది మీటర్ల నీళ్లు

ఒత్తులు పడాల్సిన చోట పడకపోతే, దీర్ఘం లేనిచోట దీర్ఘం కనపడితే మీరే సవరించుకొని చదవాలి, నలభై రెండేండ్లు దాటినంక పట్టిన పలక ఇది, చెయ్యి ఇప్పటికీ మెల్లగానే నడుస్తుంది, ఒక్క కాగితం నిండేసరికి పొయ్యి మీద పప్పు ఉడికి చల్లారి కూడా పోతుంది, అందుకు ముందే మాఫీ అడుగుతున్నాను, ఇంకొక సంగతి, నేను అని రాయబోతే సిగ్గు అడ్డం వచ్చి కలం ఆగిపోతుంది, ఆమె అని రాస్తే సాగుతుంది, కాబట్టి ఆమె అనే రాస్తాను, ఆమె కిష్టమ్మ, సిరొంచలో ప్రాణహిత ఒడ్డున నది కొలతల ఆఫీసులో ఖలాసీ, ఊడ్చేది, నీళ్లు నింపేది, చాయ పెట్టేది, అవసరం పడితే కొలత కూడా రాసేది, ఇది ఎనభై తొమ్మిది మే నెల, వానలు రావడానికి ఇంకా ఇరవై రోజులున్న సంగతి.

ఆ పొద్దున ఆమె చూపంతా ఆఫీసు పెద్ద గోపాల్‌రావు సారు బల్ల మీది ఎర్ర సిరా పెన్ను మీదే, మూత తీసే ఉంది, పక్కన ఎనభై ఆరులో వచ్చిన వరదల రిజిస్టరు తెరిచి ఉంది, ఆ పుట ఆమె చేత్తో రాసింది, వరద వచ్చిన దినం కొలతలు రాసే బాబురావు ఆష్టిలో చిక్కుకున్నాడు, వైనగంగ పొంగి తోవ బందయింది, ఆఫీసులో మిగిలింది ఊడ్చే మనిషి ఒక్కతే, గోనెసంచి తల మీద కొప్పెర వేసుకొని గంట గంటకూ ఒడ్డు దిగి, నీళ్లలో నాటిన కొలత పలక మీద అంకె చూసి, జారుకుంటూ ఎక్కి వచ్చి, తడి చెయ్యి కొంగుకు తుడిచి, రాసి, మళ్లీ దిగి, తెల్లారి ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా పదమూడు కొలతలు, నడుం వంగిన ఎనిమిదులు, పక్కకు ఒరిగిన మూళ్లు, పదింటి వరుసలో నీళ్లు ఎర్ర గీత దాటినయి అని రాసి కింద రెండు గీతలు కూడా కొట్టింది, ఎర్ర గీత అంటే ఒడ్డు ఊళ్లకు ప్రమాదం మొదలైనట్టు, ఇప్పుడు, ఆ కొలతలన్నీ కొత్త కంప్యూటరు మిషన్‌లో పెట్టించి చూసిన సారు ఏమంటున్నాడంటే, కిష్టమ్మా, నీళ్లు గీత దాటింది తొమ్మిదింటికని మిషన్ అంటున్నది, నువ్వు పది అని రాసినవ్, నేను ఎవల మాట వినాలె, మిషన్ మాటనే వినుండ్రి సారూ, అది చాయ కూడ అడగది, అని ఆమె నవ్వించబోయింది, సారు నవ్వలేదు, మధ్యాహ్నం నాగపూర్ నుంచి పెద్ద సాహెబు వస్తుండు, ఈ వానలకు మిషన్ పనికొస్తదా రాదా అని చూస్తందుకే వస్తుండు, ఆయన ముంగట మిషనొకటి రిజిస్టరొకటి చెప్తే నేనేం జవాబియ్యాలె, ఈ పుట కొట్టేసి అనుమానం పుట అని రాస్త, నువ్వేం మనసుల పెట్టుకోకు, అప్పుడు నీకు గడియారం చూసుడు కొత్త గదా, చిన్న ముల్లు పెద్ద ముల్లు తారుమారైతయి, చదువుకున్నోళ్లకే అయితయి.

గడియారం కొత్త, ఆ మాట చెవిలో దూరిన నీళ్లలాగ ఉండిపోయింది, కూజాలు కడుగుతున్నా అదే, కూలరులో నీళ్లు పోస్తున్నా అదే, నిజంగానే తారుమారైందా, ఆ గోడ గడియారానికి తాళం తిప్పింది తనే, పెనిమిటి సమ్మయ్య బతికున్నన్ని రోజులు ఆయన తిప్పేవాడు, జ్వరం తగిలి ఆయన పోయినంక ఖలాసీ కొలువూ ఆ తాళంచెవీ కలిసే ఆమె చేతికి వచ్చాయి, ముల్లు తొమ్మిది మీద ఉన్నదా పది మీద ఉన్నదా, మూడేండ్ల కింది ముల్లు ఇప్పుడు ఎట్ల కనపడుతుంది, కనపడేది నీళ్లు, ఎర్రమట్టి నీళ్లు, తేలుతూ పోయిన గడ్డివాము, దాని మీద కోడి, కోడి కనపడుతుంది గాని ముల్లు కనపడదు, తొమ్మిదింటికే దాటి ఉంటే మాత్రం ఒక గంట తన మూలంగానే పోయినట్టు, పక్కింటి బుచ్చన్నను సైకిలెక్కించి, బామ్ని తోవన ఒడ్డు గుడిసెలన్నింటికీ చెప్పుకుంట పో, ఎక్కడా ఆగకు, బీడి కూడ ముట్టియ్యకు అని తరిమింది పదింటికి, ఆ తోవలోనే ఆగమ్మ కొట్టం, ఎడ్లు రెండూ కొట్టుకపోయినయి, బుచ్చన్న చేరేసరికి తాళ్లే మిగిలినయి, పిల్లలను మాత్రం దిబ్బ మీదికి ఎక్కించగలిగారు, సంతలో కనపడితే ఆగమ్మ ఇప్పటికీ గోంగూర కట్ట ఊరికే సంచిలో కుక్కుతుంది, తీస్కపో అక్కా, నీ పుణ్యాన నా పోరగాండ్లు తింటున్నరు, నువ్వు కూడ తిను అంటుంది, ఒక గంట ముందు చెప్పగలిగిన మనిషి చెప్పకుండా కూర్చున్నదని తెలిస్తే ఆ గోంగూర ఎట్ల మింగుడు పడుతుంది, కూలరు నిండి నీళ్లు నేల మీదికి కారుతున్నాయి, కూలరు నిండింది కిష్టమ్మా అని సారు అరిచినంక గాని ఆమెకు తెలియలేదు.

మిషన్ ఉన్న గదిలోకి చెప్పులు విడిచి పోవాలి, తన ఇంట్లోకి కూడా చెప్పులతో పోనిచ్చే గోపాల్‌రావు సారు మిషన్ దగ్గర మాత్రం విడిపిస్తాడు, లోపల రషీదా, రేడియోలు బాగుచేసే కమాలుద్దీన్ బిడ్డ, నాగపూర్‌లో కంప్యూటరు చదివి వచ్చి ఆరు నెలలైంది, తెర మీద ఆకుపచ్చ అక్షరాలు ఆ పిల్ల కండ్లద్దాల మీద కూడా పడుతున్నాయి, ఈ పిల్లే ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు వాళ్లింటి అరుగు మీద కిష్టమ్మ చెయ్యి పట్టుకొని అ ఆలు దిద్దించింది, పెద్దమ్మా, క కు తలకట్టు పెట్టలేదు, ఎండకు పోతున్నదా టోపీ లేకుండ, అని దబాయించేది, వాళ్లమ్మ రాబియా లోపలి నుంచి, పెద్దమనిషిని పట్టుకొని ఏం మాటలే అవి అని కసిరేది, పెద్దమనిషి అయితే తప్పు ఒప్పు అయితదా అమ్మీ అనేది పిల్ల, తనకు గురువు ఆ పిల్ల, తన కన్నా ఇరవై తొమ్మిదేండ్లు చిన్న గురువు, సిరొంచలో ఇంకెవరికైనా ఉన్నదా అట్లాంటి గురువు, కమాలుద్దీన్ అయితే దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ, మా బిడ్డ మిషన్‌కు తెలుగు నేర్పిందని చెప్పి, రేడియో బాగైందా భాయ్ అంటే, దాని సంగతి రేపు అంటాడు.

నేర్పింది నిజమే, ఎట్లాగంటే, పుణె నుంచి వచ్చిన ప్రోగ్రాం గట్టిది, కొలతలు మింగి ఏ గంటకు ప్రమాదమో చెప్పేది, కానీ దానిలో ఒక్క అంకె మార్చి పరీక్షించాలన్నా ప్రోగ్రామంతా మళ్లీ మిషన్ భాషలోకి మార్చాలి, నలభై నిమిషాలు, ముప్పై తొమ్మిదో నిమిషంలో కరెంటు పోతే మొదటికి, సిరొంచ కరెంటుకు ముప్పై తొమ్మిదో నిమిషం ఎట్ల తెలుస్తుందో ఎప్పుడూ అప్పుడే పోతుంది, రషీదా వారం రోజులు విసిగి, ఒక చిన్న భాష తనే తయారు చేసింది, దానిలో నాలుగే మాటలు, పెట్టు, అడుగు, చూపు, తుడువు, నాలుగు మీటల మీద కాగితం ముక్కలు అన్నం మెతుకుతో అతికించి ఆ మాటలు రాసింది, మీట నొక్కి అంకె కొడితే చాలు, అక్కడికక్కడే అడుగుతుంది, అక్కడికక్కడే చెప్తుంది, ఏదీ మళ్లీ మార్చక్కరలేదు, ఆ చిన్న భాష మాటను గట్టి ప్రోగ్రాంకు అందించేందుకు మధ్యలో ఒక అతుకు, పది పంక్తులే, అంటే పడవ నడిపే సాంబన్న లాగ, ఈ ఒడ్డు మనుషులను ఆ ఒడ్డుకు దించుడు, అని కిష్టమ్మ అంటే, అంతే పెద్దమ్మా, కానీ సాంబన్న నడిమిట్ల పడవ ఆపి తంబాకు నలుపుతడు, నా అతుకు నలపది, అన్నది రషీదా, గంటసేపు పెద్దమ్మ చేత మీటలు నొక్కించి, చూసినవా, నాకు నాలుగేండ్లు పట్టింది నీకు గంట పట్టింది అని కూడా అన్నది, ఆ మాట పట్టుకొని కిష్టమ్మ రెండు రోజులు ఎవరితో మాట్లాడినా నవ్వుతూనే మాట్లాడింది.

ఇప్పుడు ఆ గదిలో నవ్వు లేదు, మూడుసార్లు పెట్టి చూసిన పెద్దమ్మా, మూడుసార్లు తొమ్మిదే, తప్పు పుణె వాళ్ల ప్రోగ్రాంల ఉండాలె, చిట్ఠీ రాస్తే నెలకు జవాబు వస్తది, సారు నెల ఆగడు, మరి నీ అతుకు, అని కిష్టమ్మ అడిగితే, నా అతుకుల ఏముంది తప్పు చేస్తందుకు, పది లైన్లు, అని రషీదా కొంచెం గట్టిగానే అన్నది, అని, వెంటనే కుర్చీ జరిపి చోటిచ్చింది, నువ్వు పెట్టి చూస్తవా నీ చేత్తోటి, కిష్టమ్మ కూర్చున్నది, పుటంతా కంఠస్థమే, పెట్టు మీట నొక్కి, ఆరింటి కొలత ఎనిమిది మీటర్ల ఇరవై కొట్టి, లాభం అని పైకి అన్నది, మళ్లీ పెట్టు, ఎనిమిది డెబ్బై, రెండు అన్నది, మూడు, నాలుగు, వడ్లు కొలిచిన ఇంటి నోరు అది, ఏది లెక్కబెట్టినా లాభం నుంచే మొదలు, లాభం ఏంది పెద్దమ్మా, మా నాయిన స్క్రూలు ఒకటి రెండు అనే లెక్కబెడతడు, కల్లంల ఒకటి అనరు బిడ్డా, కుంచం ఎత్తి మొదటిది పోస్తే లాభం అంటరు, అంతే, ఒకటి అన్నట్టే, అదేం కొసరు కాదు, లెక్కల ఉన్నదే, అని చెప్తూ చెప్తూ ఆమె వేలు ఐదో అంకె మీద ఆగిపోయింది, కల్లం కండ్ల ముందుకు వచ్చింది, పెండ్లయిన కొత్తలో, మామ బీరయ్య కుంచం పడుతున్నాడు, కొనే షావుకారి తరఫున కొత్తగా పెట్టిన లెక్కల మనిషి, చంద్రపూర్ దిక్కువాడు, కాగితం మీద గీతలు పెడుతున్నాడు, మామ లాభం అంటే ఏదో దేవుని పేరు తీసుకున్నాడనుకొని గీత పెట్టలేదు, రెండు అన్నప్పుడు తొలి గీత పెట్టాడు, చివరికి మామ ఇరవై అంటే ఆయన పంతొమ్మిది అంటాడు, రెండు కుప్పలు మళ్లీ కొలిచినా అదే, ఒకటి తక్కువ, ఎప్పుడూ ఒకటే తక్కువ, వాడు దొంగ అని మామ, ఈయన దొంగ అని వాడు, అప్పుడు అత్త ఎల్లక్క ఇద్దరినీ ఊకోమని, మూడో కుప్పకు మొదటి కుంచం వడ్లు కాదు ఉలవలు పోయించింది, నల్లటి ఉలవలు, అయ్యా, ఉలవలు ఎన్నో గీత, చూపియ్యి, అంటే వాడు కాగితం మీద వెతుకుతూ కూర్చున్నాడు, ఉలవలకు గీతే లేదు.

ఒకటి తక్కువ, పదికి తొమ్మిది, అది కూడా ఒకటే తక్కువ గదా, ఆమె గుండె కుంచంలో వడ్లలాగ అదిరి సర్దుకున్నది, బిడ్డా, ఈ మిషన్ ఆ దినం రేవుకు వచ్చిందా, ఏం మాట పెద్దమ్మా అది, అప్పటికి అది పుట్టనేలేదు, మరి దానికి నేను చెప్పిందే గదా తెల్వాలె, నేను పది అని చెప్తే అది తొమ్మిది అన్నదంటే, నా గడియారం కాదు, నా మాటే దానికి సరిగ ముట్టలేదు, నడిమిట్ల ఎవరో గీత పెట్టలేదు, అని కిష్టమ్మ తుడువు మీట నొక్కింది, మొదటి చోట ఎనిమిది ఇరవై బదులు తొంభై తొమ్మిది పెట్టింది, రషీదా కండ్లద్దాలు తీసి చూసింది, తొంభై తొమ్మిది మీటర్ల నీళ్లా పెద్దమ్మా, అన్ని నీళ్లుంటే సిరొంచే ఉండది, ఉండకపోనీ, ఉలవలు అనుకో, ఆరింటికే అన్ని నీళ్లుంటే అది ఏమనాలె, ఆరింటికే ప్రమాదం అనాలె, మరి అడుగుదాం, మిగతా పన్నెండూ మామూలుగా పెట్టి అడుగు నొక్కింది, తెర మీద కాసేపు ఏమీ లేదు, పక్కన కరెంటు సరిచేసే డబ్బా తేనెటీగలాగ మూలుగుతున్నది, ఆకుపచ్చ అంకె వచ్చింది, తొమ్మిది, తొంభై తొమ్మిది మీటర్ల నీళ్లు దానికి కనపడనే లేదు, సిరొంచ మునిగినా దానికి తెలియలేదు, ఇప్పుడు ఉలవలు రెండో చోట, అని ఆమె మళ్లీ తుడిచి, మొదట ఎనిమిది ఇరవై, రెండో చోట, అంటే ఏడింటి చోట, తొంభై తొమ్మిది, మిగతావి మామూలే, అడిగింది, ఆరు, ఏడింటికి పెట్టిన నీళ్లు అది ఆరింటికి చెప్తున్నది, ఏడింటి కొలత ఆరింటి పీట మీద కూర్చున్నది, ఎనిమిదిది ఏడు మీద, పదిది తొమ్మిది మీద, ఆరింటిది బయటే నిలబడి ఉన్నది.

రషీదా తెర దగ్గరికి వంగి ఆ ఆరును మళ్లీ చూసింది, కిష్టమ్మకు ఒక్కసారి భయం వేసింది, గురువుకే తప్పు పట్టినట్టయింది, పిల్ల మనసు నొచ్చుకుంటుందేమో, కొలువు కొత్త, సాహెబు వచ్చే పూట, ఈ మాట బయటికి పోతే పిల్లకు మాట వస్తుంది, ఇక్కడే ఆగిపోతే పుటకు ఎర్ర సిరా వస్తుంది, ఏది కావాలి నీకు కిష్టమ్మా అని తనను తానే అడుగుతున్నది, ఆలోపే రషీదా తన అతుకు తెర మీదికి తెచ్చుకొని ఒక పంక్తి మీద వేలు పెట్టింది, నేనే పెద్దమ్మా, పుణె వాళ్లు కాదు, నువ్వు కాదు, నా చిన్న భాషల లెక్క ఒకటి నుంచి మొదలైతది, వాళ్ల గట్టి ప్రోగ్రాం సున్న నుంచి మొదలుపెడతది, సున్న అంటే వాళ్లకు మొదటిదే, మీ లాభం లాగ, నేను దాన్ని లెక్కకు ముందటి చోటు అనుకొని మొదటి కొలతను దాటేసి అందిస్తున్న, పది లైన్లే గదా అని చూసుకోలేదు, అని, మెల్లగా, మీ కల్లంల ఆ లెక్కల మనిషిని తర్వాత ఏం చేసిన్రు అని అడిగింది, ఏం చేస్తరు, అన్నం పెట్టిన్రు, మరుసటేడు వాడే లాభం అని అందరి కన్నా గట్టిగ అరిచిండు, రషీదా నవ్వింది, నవ్వుతూనే కండ్లు తుడుచుకున్నది, దాచుదామంటే దాచగలిగేది, ఆ గదిలో ఇద్దరే ఉన్నారు, అయినా లేచి తలుపు తీసి, సారూ, రిజిస్టరు సరిగ్గనే ఉన్నది, తప్పు నాది, పుట కొట్టేయకుండ్రి, అని సారు వినేటట్టు, చాయకు వచ్చి కూర్చున్న బాబురావు కూడా వినేటట్టు చెప్పింది, అ ఆలు నేర్పినప్పుడు కూడా పిల్ల ఇట్లాగే ఉండేది, తప్పు ఎవరిదైనా తప్పే.

ఒక్క పంక్తి మార్చింది, అతుకు ఒక్కటే మళ్లీ మిషన్ భాషలోకి పోవాలి, నాలుగు నిమిషాలు, కరెంటు ఉంటుందా అని కిష్టమ్మ బల్బు వైపే చూస్తూ నిలబడింది, ఉన్నది, ఆ దినం సిరొంచ కరెంటు కూడా మర్యాద చూపించింది, పదమూడు కొలతలు మళ్లీ ఆమె చేత్తోనే, లాభం అని పైకే అంటూ, అచ్చు మిషన్ కరకర నమిలి కాగితం బయటికి తోసింది, పది, ఉలవలు మొదటి చోట పెడితే ఆరు, రెండో చోట పెడితే ఏడు, గోపాల్‌రావు సారు కాగితాన్ని రిజిస్టరు పక్కన పెట్టి వరుసకు వరుస వేలితో చూసుకుంటూ వచ్చాడు, ఎర్ర పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు, కిష్టమ్మా, ఇగ గడియారం చూసుడు నాకే నేర్పు, నేర్పుత సారూ, మీకు చిన్న ముల్లు నుంచి మొదలుపెడత, అంటే ఈసారి నవ్వాడు, మధ్యాహ్నం దాటి జీపు వచ్చింది, దుమ్ము కొట్టుకున్న పెద్ద సాహెబు అన్నీ చూసి, మరాఠీలో, నీళ్లు తొంభై తొమ్మిది మీటర్లు ఎక్కడుంటయని పెట్టిన్రు, ఎవరి తెలివి ఇది అన్నాడు, గోపాల్‌రావు సారు గొంతు సవరించుకున్నాడు, రషీదా వేలు కిష్టమ్మ వైపు చూపించింది, ఎక్కడా ఉండయి సాహెబ్, అందుకే పెట్టిన, అన్ని నీళ్లు పోతుంటే కూడ చూడకపోతే ఇగ ఏం చూస్తది అని ఆమె మరాఠీలోనే చెప్పింది, సాహెబు రాసుకున్నాడు, చేత్తో, చిన్న పుస్తకంలో, రాసుకొని సారుతో అన్నాడు, ఈ పదమూడు కొలతలూ ఈ తొంభై తొమ్మిదీ ఒక ఫ్లాపీలో పెట్టుండ్రి, పుణె వాళ్లు ప్రోగ్రాం ఎప్పుడు మార్చి పంపినా ముందు ఇవి పెట్టి అడుగుండ్రి, పది అనకపోతే వాపసు పంపుండ్రి, ఒడ్డున ఉన్న మిగతా ఆఫీసులకు కూడ ఇదే ఫ్లాపీ.

జీపు పోయినంక కిష్టమ్మ కూజా నింపడానికి ఒడ్డు దిగింది, మే నెల ప్రాణహిత, నడుమ ఇసుక, పక్కన సన్నటి పాయ, కొలత పలక పాదం కూడా తడవకుండా నిలబడి ఉన్నది, ఆగమ్మ గోంగూర ఇగ నిమ్మళంగా తినొచ్చు, ఎడ్లు పోయింది వరదకే, తన గంటకు కాదు, ఆ బరువు దిగింది గాని ఛాతీలో ఇంకేదో ఉన్నది, అది బరువు కాదు, సమ్మయ్య పోయినప్పుడు ఈ పలక ఆయన చదివేదని, తను ఊడ్చేది మాత్రమేనని అనుకున్నది, ఎనభై ఆరులో భయపడుకుంటూ చదివింది, పొద్దున తన రాతను మిషన్ పరీక్ష చేస్తున్నదని కూలరు నిండింది కూడా చూసుకోలేదు, ఇగ ముందు పుణెలో ఎంత చదివిన వాళ్లు ప్రోగ్రాం రాసినా అది ఈ పుట ముందు నిలబడి పది అని చెప్పాలి, ఈ పలక నదిని కొలుస్తుంది, ఆ పుట మిషన్‌ను కొలుస్తుంది, నడుం వంగిన ఎనిమిదులతో సహా.

రాసింది కిష్టమ్మ, అరవై ఎనిమిదేండ్లు, ఇప్పుడుండేది బామ్నిలో, తమ్ముడి ఇంటి పక్క గదిలో.